బస్తాల గదిలో పాఠం

నర్మద కూర తరుగుతున్నా, బట్టలు పిండుతున్నా ఒక చెవి లోపలి గదిలోనే ఉండేది. లాప్‌టాప్ మూసి ఉన్నప్పుడు కూడా దాని చప్పుడు వినబడేది. ముందు దోమ చెవి పక్కకు వచ్చినంత సన్నగా. తర్వాత దూరాన ఎవరో చాటతో చెరుగుతున్నట్టు. ఆ తర్వాత గది నిండా అదే. కత్తిపీట మీద చెయ్యి ఆపి, ఊపిరి ఆపి వినేది. ఏమీ ఉండేది కాదు. మళ్లీ తరిగేది.

అది లాప్‌టాప్ లోపలి పంకా. వేడెక్కితే తిరుగుతుంది. తిరిగితే పాఠం చెడుతుంది. పాఠం చెడితే పుస్తకం చెయ్యి దాటిపోతుంది. ఆ ఎండాకాలం ఆమె భయమంతా ఇదే. ఇంట్లో ఇంకెవరికైనా చెబితే నవ్వేంత చిన్నది.

నారాయణఖేడ్ బస్ డిపో వెనక సందులో వాళ్ల ఇల్లు. భర్త నర్సింగ్ మనూరు దారిలో ఆటో నడుపుతాడు. మామ బాలప్పకు ఊరి బయట చెలక ఉంది. అందులో కంది, జొన్న వేస్తాడు. అత్త హన్మమ్మకు ఇల్లుంది, ఇంట్లో అందరి మీదా మాట ఉంది.

నర్మద పుట్టింది నాగల్‌గిద్దలో. అక్కడ వాకిట్లో తెలుగు మాట్లాడితే వెనక పెరట్లో కన్నడం వినబడుతుంది. తండ్రి దేవప్పకు చదువు రాదు. బజారు నుంచి ఉప్పో చింతపండో కట్టి తెచ్చిన పేపరు ముక్కను విప్పి, మడతలు సాఫు చేసి, కూతురి చేతికి ఇచ్చేవాడు. చిరిగినచోటి దాకా ఆమె గట్టిగా చదివేది.

"తర్వాత ఏమాయె?" అనేవాడు.

"చినిగిపోయింది నాయినా."

"అయితే మొదలుకెళ్లి సదువు."

అట్లా చదివి చదివి ఆమె గొంతుకు ఒక పద్ధతి వచ్చింది. రాగం తియ్యదు. ఏడవదు, నవ్వదు. మాటను మాటగా వదులుతుంది. పెళ్లయి ఖేడ్ వచ్చాక ఒక ప్రైవేటు బడిలో టీచరైంది. కరోనా వచ్చిన ఏడు ఆ బడి మూతపడింది. తర్వాత తెరుచుకోలేదు. గేటుకు తాళం అట్లాగే ఉంది. ఆ ముందు నుంచి వెళ్లాల్సి వచ్చినప్పుడు నర్మద అవతలి వైపు నుంచి నడిచేది.

హైదరాబాద్‌లో ఒక చిన్న సంస్థ ఉంది. చూపులేని పిల్లల కోసం బడి పుస్తకాలను చదివించి రికార్డు చేస్తుంది. పాత బడిలో తనతో పనిచేసిన ఒకామె చెబితే నర్మద ఒక పేజీ చదివి పంపింది. వాళ్లకు నచ్చింది. అక్కడ పాఠాలు విని బాగుందో లేదో చెప్పే అమ్మాయి పేరు షైనీ. మొదటిసారి ఫోన్ చేసినప్పుడు ఆ అమ్మాయి "నర్మద టీచర్ గారేనా?" అని అడిగింది. నర్మద ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకుంది. ఖేడ్‌లో ఆమెను అప్పటికి నర్సింగ్ భార్య అనో, బాలప్ప కోడలు అనో అంటున్నారు. టీచర్ అనే మాట విని చాలా కాలమైంది. ఇప్పుడు ఆ మాట ఆ ఒక్క ఫోనులోంచే వస్తుంది.

ఫోన్‌లో రికార్డు చేస్తే తీసుకోం, మంచి మైకు, లాప్‌టాప్ కావాలి అన్నారు. మైకు వాళ్లే పంపారు. లాప్‌టాప్ నర్సింగ్ పట్నం పోయి తెచ్చాడు. ఎవరో వాడి వదిలేసింది. ఎంత పలుచనిదంటే, హన్మమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందికీ ఊపి చూసింది.

"జొన్నరొట్టె లెక్కున్నది. గింత అల్కగున్నది పని జేస్తదా?"

"గట్లున్నదే మంచిదంటనే అవ్వా. సంకల పెట్టుకొని పోవచ్చు," అన్నాడు నర్సింగ్.

"ఏడికి పోతదిర? గీడనే కూసుండే పిల్లకు సంకల పెట్టుకునుడెందుకు?"

నర్మదకు మాత్రం అది పలుచగా ఉండడమే ఇష్టమైంది. బడిలో హాజరు పట్టీ ఇంతే ఉండేది.

ఎక్కడ చదవాలన్నదే కష్టమైంది. ముందు గదిలో డిపో బస్సుల హారన్లు. వంటింట్లో గిన్నెలు మోగుతాయి. మాట అనగానే ఇత్తడి చెంబు కూడా వెనకే ఏదో అంటుంది. మొదటి పుస్తకమంతా బట్టల బీరువా తలుపు తెరిచి, అందులోకి తల పెట్టి చదివింది. అప్పుడు చలికాలం. కంది కోత అయింది. బాలప్ప ధర కోసం ఆగుతానని బస్తాలన్నీ లోపలి గదిలో పేర్పించాడు. కిటికీ లేని గది. మూడు గోడలకు పైకప్పు దాకా బస్తాలు. మధ్యలో ఒక మనిషి కూర్చునేంత చోటు.

ఒక రోజు నర్మద ఆ గదిలోకి పోయి, ఏదో కావలసి అత్తను పిలిచింది. పిలుపు నోటి ముందే పడిపోయింది. దూదిలో సూది పడ్డట్టు. మళ్లీ పిలిచింది. అంతే. బయట హారన్ మోగుతున్నది ఆమెకు తెలుసు, లోపలికి రాలేదు. ఆ రోజే పీట తెచ్చి అక్కడ వేసుకుంది.

పాఠం విన్న షైనీ అడిగింది. "ఇంత శుభ్రంగా ఎక్కడ చదివారు టీచర్? స్టూడియోకి వెళ్లారా?"

"ఔను," అన్నది నర్మద. అబద్ధం చెప్పానని తర్వాత అనిపించింది. అంత అబద్ధమూ కాదనిపించింది.

చలికాలమంతా బాగా నడిచింది. ఎండలు ముదిరాక లాప్‌టాప్ మారిపోయింది.

కొద్దిసేపు చదివితే చాలు, కింద వేడి మొదలయ్యేది. తర్వాత పంకా. ఆపి, చల్లారేదాకా ఆగి, మళ్లీ మొదలుపెట్టేది. మూల మీద చిటికెన వేలు ఆనించి చదవడం అలవాటైంది. వేడి ఎక్కడిదాకా వచ్చిందో వేలే చెప్పేది. పంకా మొదలయ్యేలోపు ఈ పేరా అయిపోవాలి. ఈ వాక్యం అయిపోవాలి. కామా దగ్గర ఆగాల్సిన చోట ఆగకుండా దాటేది. పొద్దున చదువుదామంటే డిపోలో బస్సులు ఇంజిన్లు వేడి చేసుకుంటాయి. సాయంత్రం సందులో పిల్లలు. రాత్రి బాలప్ప ఆ గది తలుపుకు ఆనించి మంచం వేసుకుని గురక పెడతాడు. మధ్యాహ్నం అన్నాలు తిని ఊరు నోరు మూసుకునే వేళ ఒక్కటే దొరుకుతుంది. ఊరంతటికీ అదే పెద్ద వేడి వేళ.

ఆ ఏడు చదువుతున్నది పదో తరగతి జీవశాస్త్రం. అన్ని పాఠాలూ అయ్యాయి, ఒక్కటే మిగిలింది. రక్తప్రసరణ. అది పంపిన మొదటిసారి వెనక్కి వచ్చింది.

"వెనకాల ఏదో గాలి వస్తోంది టీచర్. పిల్లలు ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటారు. వాళ్లకు అదే పెద్దగా వినబడుతుంది."

రెండోసారి కూడా వెనక్కి వచ్చింది. ఈసారి షైనీ గొంతు మెత్తగా ఉంది. దాంతో నర్మదకు ఇంకా భయం వేసింది.

"గాలి తగ్గలేదు. పైగా తొందర తొందరగా చదివారు. మావాళ్లు ఇంకొక్కసారి చూద్దామన్నారు. అది కూడా ఇట్లాగే ఉంటే ఈ పుస్తకం మొత్తం వేరే గొంతుతో చేయిస్తామంటున్నారు. సగం ఒకరు సగం ఒకరు అయితే పిల్లలు తికమక పడతారు కదా."

"నేను చదివినవన్నీ తీసేస్తరా?"

"అట్లా కాకూడదనే చెబుతున్నాను టీచర్."

ఫోన్ పెట్టేసిన తర్వాత నర్మద లాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అది మూసే ఉంది. అయినా చీరలోంచి వెచ్చగా తగిలింది. హన్మమ్మ వచ్చి దాని వీపు మీద చెయ్యి వేసి తీసేసింది.

"అవ్వో. గిది పెంకనా ఏంది? రొట్టె ఏస్తె పొంగుతది."

"గీ వేడితోనే పరేషాన్ అయితున్న అత్తమ్మా."

"రంజన్ మీద పెట్టరాదు? నీళ్లు సల్లబడంగ గిది సల్లబడదా?"

"తడి తాకితే పాడైతది."

"అయితె ఆసిమ్‌కు సూపియ్యి. మొగుని ఆటో ఆగితె గారేజికి తీస్కపోతలేడా? గిదీ గంతే."

ఆసిమ్ దుకాణం బస్టాండు మూలన ఉంది. ఫోన్లు బాగుచేస్తాడు, వచ్చినప్పుడు లాప్‌టాప్‌లు కూడా. చిన్న స్క్రూలన్నీ విప్పి ఒక మూతలో వేసి, వెనక రేకు లేపాడు. లేపి లాప్‌టాప్‌ను ఆమె వైపు తిప్పాడు.

పంకా కనబడలేదు. అది ఉండాల్సిన చోట బూడిదరంగు ముద్ద ఉంది.

"అక్కా, గిదేంది? లాప్‌టాప్ నడిపిస్తున్నవా, దీంతోని పొయ్యి ఊదుతున్నవా?"

పటకారుతో పట్టి లాగితే అది కంబళి ముక్కలా వచ్చింది. అందులో కంది పొట్టు, చచ్చిన పురుగు ఒకటి. మిగతాదంతా మెత్తటి బూడిద.

నర్మదకు అప్పుడు అర్థమైంది. పురుగు పట్టకుండా కందులకు బూడిద కలపడం హన్మమ్మ పద్ధతి. పొయ్యి బూడిద జల్లెడ పట్టి, కందుల్లో కలిపి, బస్తాల మీద కూడా చల్లుతుంది. చలికాలంలో జల్లెడ పట్టింది నర్మదే. ఆ బూడిద మధ్య కూర్చుని ఆమె ఇన్నాళ్లు చదివింది. ఆమె చదువుతున్నంతసేపు లాప్‌టాప్ ఆ గాలే పీల్చింది. ఆ బస్తాల గది సంగతి ఆసిమ్‌కు చెప్పింది.

"పల్చటి మిషన్‌కు ముక్కు గూడ సన్నగుంటదక్కా," అన్నాడు ఆసిమ్. "మందంది అయితె ఇంత దుమ్ము మింగి ఊకుంటది. గిది ఊకోదు. సాఫ్ జేసి ఇస్త. గని పంకా రెక్కలు అరిగినయ్. కొత్తది పట్నం నుంచి రావాలె. జల్దీ రాదు."

"నాకు పాఠం పంపేది ఉన్నది ఆసిమ్. ఇదే ఆఖరిసారి అన్నరు."

"అయితె గా బస్తాల అర్రల మాత్రం పెట్టకు. ఒక్క పూటల మల్ల గిట్లనే అయితది."

"గా అర్రల కాకుంటె ఇంకేడ చదువరాదు. గొంతు మోగుతది."

ఆసిమ్ పటకారు కింద పెట్టాడు. "నువ్వు సదివేది నోటితోని గద? మిషన్‌తోని కాదు. మైకు లోపల పెట్టుకో, మిషన్ బయట పెట్టు. పొడుగు వైరు నేనిస్త."

ఆమెకు అది ఎన్నడూ తట్టలేదు. తలుపు కింద సందు ఉంది. వైరు పడుతుంది. పాఠంలో మొదటి పేరాను నోట్లోనే చదువుకుంటూ ఇంటికి నడిచింది. వాకిట్లోకి రాగానే ఆగిపోయింది.

బాలప్ప ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. రేపు సాయంత్రం అసర్ నమాజు యాళ్లకు బండి పంపు, హమాలీలను గూడ పంపు, బస్తాలన్నీ ఒక్కసారే ఎత్తాలె అంటున్నాడు.

నర్మద ఎన్నడూ పంట సంగతి మామతో మాట్లాడలేదు. తలుపు దగ్గర నిలబడి అడిగింది. "మామా, ఇంకో నాలుగొద్దులు ఆగరాదా?"

"దేనికి?"

"నా పాఠం ఒకటి ఉన్నది."

"నీ పాఠానికి కందులకు ఏం సంబంధమమ్మా?"

ఎట్లా చెప్పాలో తెలియలేదు. "బస్తాలుంటే గొంతు మంచిగొస్తది."

బాలప్ప కొడుకు వైపు చూశాడు. నర్సింగ్ ఆటో సీటు తుడుస్తున్నవాడు నవ్వాడు. "పప్పు తింటె బలమొస్తదని విన్న గని, బస్తాలు సూస్తె గొంతొస్తదని ఇయ్యాలనే విన్న."

"ధర ఇయ్యాల ఉన్నది. రేపు ఉంటదో ఉండదో," అన్నాడు బాలప్ప. కోపంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పినట్టే అన్నాడు. "బండి ఆగదు."

షైనీ ఇచ్చిన గడువు ఇంకా ఉంది. గదికి మాత్రం రేపు సాయంత్రం దాకానే ఉంది.

మరునాడు అన్నాలయ్యాయి. సందులో కుక్క కూడా నీడకు పోయింది. నర్మద లాప్‌టాప్‌ను వసారాలో ఎత్తు పీట మీద పెట్టింది. వైరు తలుపు కింద నుంచి లోపలికి పోయింది. వడగాలి వసారా దాకా వస్తోంది. విసనకర్ర అత్త చేతికి ఇచ్చింది.

"నేను లోపల ఉన్నంతసేపు దీనికి విసురుతుండు అత్తమ్మా. ముట్టుకోకు. మాట్లాడకు. ఎవరన్న వస్తె చెయ్యి అడ్డం పెట్టు. నోరు మాత్రం తెర్వకు."

"నీ మామకు గూడ ఇట్ల విసర్లే నేను," అన్నది హన్మమ్మ. కాని పీట ముందు సరిగ్గా కూర్చుంది. కొంగు నడుముకు చెక్కింది.

నర్మద రికార్డింగు మొదలుపెట్టి, లోపలికి పోయి తలుపు మూసుకుంది. బల్బు కింద పుస్తకం తెరిచింది. చెమట కనుబొమల మీంచి దిగుతోంది. చదవడం మొదలుపెట్టింది. గుండె గదులు, కవాటాలు, పెద్ద ధమని. వేలు అలవాటుగా పక్కకు పోయి వేడి వెతికింది. అక్కడ ఏమీ లేదు. పంకా వినబడదు. మొదలైందా, కాలేదా, తెలిసే దారి లేదు. ఒక్కో పేరా అయ్యాక బయటికి పోయి చూడాలనిపించేది. పోతే తలుపు చప్పుడు పడుతుంది. కూర్చున్న చోటు నుంచి కదలకుండా పాఠం చివర ప్రశ్నల దాకా చదివింది. పుస్తకం మూసి, కాసేపు కూర్చుని, తలుపు తీసింది.

హన్మమ్మ విసురుతూనే ఉంది. పెదవులు బిగపట్టి ఉంది. తెర మీద ఎర్రటి గుర్తుతో ఒక పెట్టె ఉంది. లోపల చోటు లేదని, రికార్డింగు ఆగిపోయిందని. ఎక్కడ ఆగిందో చూసింది. మొదటి పేరా కూడా పూర్తి కాలేదు.

గోడకు ఆనుకుంది. "ఇది ఎప్పుడొచ్చింది అత్తమ్మా?"

హన్మమ్మ ముందు ఆమె ముఖం చూసి, ఇప్పుడు మాట్లాడొచ్చా అన్నట్టు తల ఊపింది. "గదా? నువ్వు అట్ల పోంగనే వచ్చింది. ఎర్రగ."

"పిలవరాదా?"

"నోరు తెర్వద్దంటివి. ముట్టద్దంటివి. తెర్వలే, ముట్టలే. గాలి మాత్రం ఆపలే. సూడు, రెక్క గుంజుతుంది." ఆమె మోచెయ్యి చూపించింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఏమైంది పిల్లా?"

"చదివింది ఎక్కలేదు. లోపల జాగ లేదంట."

"గింత పల్చగుంటె జాగ ఏడుంటది? నేను మొదలే అన్న."

నర్మద పీట ముందు కూర్చుంది. ఆ లాప్‌టాప్‌లో చోటు ఎప్పుడూ తక్కువే. సంస్థ ఒప్పుకున్న పుస్తకాల రికార్డింగులు తీసేస్తూ వచ్చింది. ఈ పుస్తకానివి తియ్యడానికి లేదు. ఇంకా ఒప్పుకోలేదు, ఏది మళ్లీ అడుగుతారో తెలియదు. పాడైపోయిన రెండు రికార్డింగులు తీసేసింది. చాలలేదు. ఒక్కటే పెద్దది మిగిలింది. ఆడబిడ్డ స్వరూపరాణి పెళ్లి వీడియో. సీడీ మీద గీతలు పడి ఆగి ఆగి తిరుగుతుంటే, పూర్తిగా చెడకముందే నర్సింగ్ దాన్ని దుకాణంలో ఇందులోకి ఎక్కించి తెచ్చాడు. ఇంకెక్కడా లేదు. కూతురు యాదికొచ్చినప్పుడు హన్మమ్మ అప్పగింతల దగ్గర పెట్టమని అడిగి చూస్తుంది. ఫోన్‌లోకి ఎక్కిద్దామంటే ఫోన్ కూడా నిండే ఉంది. ఆసిమ్ దగ్గరికి పోయి రావడానికి వేళ లేదు. ఎండ అప్పుడే వసారా గడప దిగుతోంది.

ఏం చెప్పాలో తెలియక ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "స్వరూప పెండ్లిది తీసేస్తె జాగ అయితది అత్తమ్మా. తీస్తె మల్ల రాదు."

హన్మమ్మ విసనకర్ర ఒళ్లో పెట్టుకుంది. తెరలో ఆ వీడియో బొమ్మ చిన్నగా కనిపిస్తోంది. పసుపు బట్టల్లో ఒక పిల్ల. హన్మమ్మ దగ్గరికి వంగి చూసింది.

"ఎన్నిసార్ల సూసిన గదే ఏడుపు," అన్నది. "దానికి పెండ్లయింది, ఇద్దరు పిల్లలైండ్రు. అల్లుడు పొట్ట పెంచిండు. ఇగ గది ఏడ్సేది నేను సూసుడేంది? తీసెయ్."

"అత్తమ్మా."

"తీసెయ్యే. మల్ల బండొస్తది."

నర్మద తీసేసింది. నిజంగా తీసెయ్యాలా అని లాప్‌టాప్ మళ్లీ అడిగింది. దానికీ ఔనన్నది. పక్కకు చూడలేదు.

"ఈసారి ఎర్రగ ఏదన్న వస్తె తలుపు కొట్టు," అని చెప్పి లోపలికి పోయింది.

మళ్లీ మొదటి వాక్యం. గుండె గదులు. ఈసారి ఆమెకు బయట ఏముందో అసలు తెలియదు. బండి వచ్చిందో, రాలేదో. హమాలీలు వస్తే తలుపు తోస్తారు. బాలప్ప వస్తే ఆగడు. బస్తాలు చప్పుడును లోపలికి రానివ్వవు. మంచిదైనా చెడ్డదైనా. ఏ వాక్యం మధ్యలో తలుపు తెరుచుకుంటుందో అని ఒక్కో వాక్యాన్ని అదే చివరిదన్నట్టు చదివింది. చివరిదాన్ని తొందరగా చదవలేం. కామా దగ్గర ఆగింది. చుక్క దగ్గర ఇంకా ఆగింది. సిరలు రక్తాన్ని వెనక్కి తెస్తాయి అన్నచోట గొంతు ఆరిపోతే, నీళ్లు లేక, ఉమ్ము మింగి మళ్లీ మొదలుపెట్టింది. పేజీ మీద చెమట చుక్క పడి ధమని బొమ్మ ఉబ్బింది. తలుపు ఎవరూ కొట్టలేదు. కొట్టలేదంటే అంతా బాగున్నట్టా, అత్త కునుకు తీస్తున్నట్టా?

పాఠం అయిపోయింది. పుస్తకం మూసింది. తర్వాత తలుపు తీసింది.

వాకిట్లో గోడ నీడన హమాలీలు వరసగా గొంతుక్కూర్చుని ఉన్నారు. తువ్వాళ్లు నెత్తి మీద వేసుకుని, ఒక్కరూ మాట్లాడడం లేదు. పెద్ద హమాలీ మొగులప్ప ముట్టించని బీడీ వేళ్ల మధ్య తిప్పుతున్నాడు. బాలప్ప మంచం పట్టె మీద కూర్చుని నేల చూస్తున్నాడు. హన్మమ్మ ఒక చేత్తో విసురుతోంది. ఇంకో చెయ్యి వాళ్ల వైపు ఎత్తి, అరచెయ్యి అడ్డం పెట్టి ఉంది. ఎంతసేపటి నుంచి అట్లా ఎత్తి పెట్టిందో, నర్మద బయటికి వచ్చాక కూడా దించలేదు.

తెర మీద రికార్డింగు నడుస్తోంది. గీత ఎక్కడా తెగలేదు. నర్మద ఆపింది. దాచింది. దాచిందని రెండోసారి చూసుకుంది.

"అయిపోయిందా?" అన్నాడు మొగులప్ప.

"అయింది."

"ఏం సదివినవక్కా గంతసేపు? మాకొక్క ముక్క ఇనబడలే."

"గుండె సంగతి."

"మా గుండె గీడ ఎండల ఆగుతుండె, ఆ సంగతి గూడ సదువకపోయినవా?" లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "మీ అత్త అయితె, బీడీ ముట్టిస్తె అగ్గిపుల్ల సప్పుడైతదని అది గూడ వద్దన్నది. డ్రైవర్ను చాయ్ తాగనీకి పంపినం, హారన్ కొడుతుండని."

బాలప్ప మంచం మీంచి లేచాడు. గది వైపు పోతూ కోడలి దగ్గర ఒక్క క్షణం ఆగాడు. "ముందే గిట్ల అని చెప్తె అయిపోవు గద," అన్నాడు. ముందే చెప్పింది కదా అని ఆమె అనలేదు.

పొద్దు వంగేసరికి గది ఖాళీ అయింది. పాఠం పంపేటప్పుడు ఆ సన్నటి గీత నిండుతుంటే నర్మద నిలబడే చూసింది. మధ్యలో ఒకచోట ఆగి, చాలాసేపు అక్కడే ఉండి, మళ్లీ కదిలింది.

మరునాడు షైనీ ఫోన్ రాలేదు. ఆ తర్వాతి రోజు కూడా రాలేదు. నర్మద ఫోన్‌ను కొంగులో ముడేసుకుని తిరిగింది. స్వరూపరాణి పండుగకు వస్తే వీడియో అడుగుతుందేమోనని ఒక భయం. పాఠం మళ్లీ వెనక్కి వస్తే ఆ పెళ్లి ఊరికే పోయినట్టేనని ఇంకో భయం. రెండోదే పెద్దది. అది పెద్దదైనందుకు సిగ్గేసింది. హన్మమ్మ ఆ సంగతే ఎత్తలేదు. ఒక్కసారి మాత్రం, కంది పొట్టు చెరుగుతూ, ఎవరితోనో అన్నట్టు, "అప్పగింతలప్పుడు నేను ఏ చీర కట్టిన్నో యాదికొస్తలే," అన్నది.

"ఆకుపచ్చది అత్తమ్మా. ఎర్రంచుది."

"గదే." మళ్లీ చెరిగింది.

షైనీ ఫోన్ చేసినప్పుడు నర్మద ఖాళీ గదిలో బూడిద ఊడుస్తోంది.

"టీచర్, విన్నాం. గాలి లేదు. అసలు ఏ చప్పుడూ లేదు." ఆ అమ్మాయి ఆగింది. "ఇంకో సంగతి. ఈమధ్య మిమ్మల్ని ఎవరో తరుముతున్నట్టు చదివేవారు. ఈ పాఠం అట్లా లేదు. పుస్తకం ఒప్పుకున్నారు. మొత్తం మీ గొంతే ఉంటుంది."

నర్మద చీపురు గోడకు ఆనించింది.

"హలో? ఉన్నారా టీచర్?"

"ఉన్న."

"మీ మాట ఎందుకట్లా మోగుతోంది? బావిలోంచి మాట్లాడుతున్నారా?"

"ఇల్లు సర్దుతున్న."

"సరే. వచ్చే నెల తొమ్మిదో తరగతిది మొదలుపెట్టాలి. చదువుతారా?"

"చదువుత," అన్నది నర్మద.

ఫోన్ పెట్టేశాక గది చుట్టూ చూసింది. నాలుగు గోడలు. సున్నం మీద బస్తాలు రాసుకున్న గీతలు. మళ్లీ కందులు రావాలంటే చలికాలం రావాలి. గడపలో హన్మమ్మ నిలబడి ఉంది.

"ఏమన్నది?"

"ఒప్పుకున్నరంట. ఇంకో పుస్తకం ఇస్తరంట."

"ఇస్తె మంచిదే. ఏడ సదువుతవ్?"

"తెల్వదు అత్తమ్మా."

"తెల్వకుంటనే సదువుత అన్నవా?"

నర్మద గది మూలకు పోయింది. రెండు చేతులూ ఒకసారి గట్టిగా చరిచింది. చప్పుడు గోడకు తగిలి తిరిగివచ్చింది. ఇంకో మూలకు పోయి చరిచింది. అక్కడా వచ్చింది. ముందు గదిలోకి పోయి బీరువా పక్కన చరిచి, తల వంచి విన్నది. కొంచెం తక్కువ. వంటింటి గడపలో చరిచింది. గిన్నెలు పలికాయి.

హన్మమ్మకు ముందు అర్థం కాలేదు. తర్వాత, చప్పుడు తిరిగిరాని చోటు వెతుకుతోందని అర్థమైంది. ఆమె బొంతలు వేసే దండెం దగ్గరికి పోయింది. ఆ బొంతల మధ్యకు దూరి, ఉన్న బలమంతా పెట్టి అరచేతులు చరిచింది. చెవి పెట్టి విన్నది. మళ్లీ చరిచింది.

"పిల్లా," అని పిలిచింది, "గీడ ఒకసారి నిలబడి ఏదన్న అను."